గాలి రోజున నీటి విమానం టేకాఫ్‌లోనే ఎందుకు బోల్తా పడుతుంది?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. ఎదురుగాలి ఉంటే టేకాఫ్ సులువంటారు కదా, మరి గాలి బాగా వీచే రోజునే చిన్న ఫ్లోట్‌ప్లేన్లు (చక్రాల బదులు నీళ్ల మీద తేలే డొల్లలు, అంటే ఫ్లోట్లు, ఉన్న విమానాలు) నీళ్లు వదలకముందో, వదిలిన కొద్ది క్షణాలకో ఎందుకు పడిపోతున్నాయన్నది మొదటిది. అలాంటి రోజున పైలట్ ఏం చేయాలన్నది రెండోది. అమ్మానాన్నలను మాల్దీవులు తీసుకెళ్తున్నాం, రిసార్టుకు చేరాలంటే ఇదే ఎక్కాలి, భయపడాలా అన్నది మూడోది. నేను కెనడా పడమటి తీరంలో చాలా ఏళ్లుగా ఫ్లోట్‌ప్లేన్లు నడుపుతున్నాను, కొత్త పైలట్లకు నేర్పుతున్నాను. సొంతూరు కోనసీమ. ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: విమానం గాలికి ముఖం పెట్టి ఉన్నంతసేపు గాలి మేలే చేస్తుంది. పక్కకో వెనక్కో తిరిగిన ఆ కొద్ది సెకన్లలోనే ప్రమాదం జరుగుతుంది. నీళ్ల మీద టేకాఫ్‌లో అలా తిరగాల్సిన సందర్భాలు రన్‌వే మీద కంటే చాలా ఎక్కువ. గాలి ఎంత వేగంగా ఉందన్నది ఆ తర్వాతి సంగతి. గాలి ఏ వైపు నుంచి వస్తోంది, మన పరుగు ఎటు, లేచాక ఎటు మలుపు తిప్పాలి అన్నవి తాడు విప్పకముందే తేల్చుకోవాలి. నేను చదివిన ప్రమాద నివేదికల్లో ఎక్కువ వాటికి బీజం రేవు దగ్గరే పడింది, ఇంజన్ శక్తి పెంచడానికి త్రాటిల్ తోసినప్పుడు కాదు.

రన్‌వే మీది విమానానికి బ్రేకులుంటాయి. ఆగొచ్చు, ఇంజన్ పరీక్షించుకోవచ్చు, గాలి కాస్త తగ్గేదాకా వేచి ఉండొచ్చు. ఫ్లోట్‌ప్లేన్‌కు బ్రేకులు లేవు. రేవు దగ్గర తాడు విప్పిన క్షణం నుంచి అది కదులుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపితే గాలి నెట్టుకుపోతుంది, ఇంజన్ వేస్తే ప్రొపెల్లర్ ముందుకు లాగుతుంది. పైగా తోక దగ్గరి నిలువు రెక్క గాలిని పట్టుకుని, ముక్కును ఎప్పుడూ గాలి వైపు తిప్పాలని చూస్తుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు దారి మళ్లించడానికి ఫ్లోట్ల వెనక చిన్న చుక్కానులు నీళ్లలోకి దిగి ఉంటాయి. పది నాట్స్ గాలి దాకా ఇవి బాగానే పనిచేస్తాయి. అంతకు మించి గాలి పెరిగేకొద్దీ వాటి మాట చెల్లదు. విమానాన్ని గాలివాటుకు తిప్పాలని ఎంత తొక్కినా సగం తిరిగి మళ్లీ గాలికే ముఖం పెడుతుంది. పైగా టేకాఫ్ పరుగుకు ముందు ఆ చుక్కానులను పైకి లాగేయాలి. అక్కడి నుంచి ముక్కును పక్కలకు తిప్పే తోక రడ్డర్, రెక్కలను అటూ ఇటూ వాల్చే రెక్కల చివరి అయిలరాన్లు, ముక్కును ఎత్తి దించే వెనక ఎలివేటర్ మాత్రమే చేతిలో ఉంటాయి. అవి పనిచేయాలంటే వేగం కావాలి.

గాలి ఒత్తిడి వేగంతో పాటు సమానంగా పెరగదని కూడా గుర్తుంచుకోండి. పది నాట్స్ అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు, ఇరవై అంటే 37. వేగం రెండింతలైతే నెట్టుడు నాలుగింతలు. పన్నెండు నాట్స్‌లో ముచ్చటగా టేకాఫ్ చేసిన పైలట్, పద్దెనిమిదిలోనూ అలాగే చేయబోతే విమానం అతనికి కొత్తగా కనిపిస్తుంది.

ఇక విమానం ఆకారం చూడండి. చిన్న రకం సెస్నా విమానమైనా బీవర్ విమానమైనా రెక్కలు పైకప్పు మీద ఉంటాయి. దాని కింద క్యాబిన్, దాని కింద కడ్డీలు, ఆ కడ్డీల కింద రెండు ఫ్లోట్లు. బరువంతా ఎత్తులో, ఆధారం ఇరుకుగా. పక్కగాలి ఒక రెక్క కింద దూరి దాన్ని లేపితే, రెండో వైపు ఫ్లోట్ మీద భారం పడుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఫ్లోట్లు తాము మోయాల్సిన బరువుకు మించి ఇంకో 80 శాతం తేలే శక్తి కలిగి ఉండాలి. ఒక్కో ఫ్లోట్‌లో కనీసం నాలుగు నీరు చొరని అరలుండాలనీ, అందులో ఏ రెండు నిండినా విమానం బోల్తా పడకుండా తేలాలనీ 2017 దాకా ఆ నిబంధనల్లో ఉండేది. వినడానికి బోలెడు భద్రత. కానీ ఆ లెక్క తేలడం గురించే. వేగంగా పోతున్న ఫ్లోట్ ముక్కు ఒక్కసారి నీళ్లలో దిగబడితే నీరు దాన్ని వెనక్కి, కిందికి లాగుతుంది. అప్పుడు ఆ 80 శాతం ఏ మూలకూ రాదు. ప్రొపెల్లర్ ఎగరేసే తుంపర తెల్లగా ఉన్నంతసేపు ఫరవాలేదు. నురుగు పోయి ముదురు పచ్చటి నీరు ఫ్లోట్ ముక్కు మీదికి ఎక్కడం కనిపిస్తే త్రాటిల్ వెంటనే వెనక్కి లాగాలి.

(ఒక చిన్న విషయం. పొద్దున్నే ఫ్లోట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో అర మూత తీసి చేతి పంపుతో నీళ్లు తోడతాం. ప్రతి ఫ్లోట్ కొద్దోగొప్పో కారుతుంది. రోజూ రెండు మూడు దెబ్బలకు ఖాళీ అయ్యే అర ఈ రోజు ఇరవై దెబ్బలైనా నీళ్లు కక్కుతూనే ఉంటే, రివెట్ ఏదో పోయిందన్నమాట. వెనక అరలో నీళ్లుంటే బరువు వెనక్కి జరుగుతుంది, ముక్కు ఎక్కువగా లేస్తుంది. మామూలు రోజున ఎలాగో నెట్టుకొచ్చే ఈ లోపం గాలి రోజున ప్రాణం మీదికి తెస్తుంది.)

ఇప్పుడు ప్రమాదం ఎలా జరుగుతుందో చూద్దాం. అన్నిటికంటే ఎక్కువగా నేను హెచ్చరించేది గాలివాటు పరుగు నుంచి ఎదురుగాలికి తిరిగే మలుపు గురించి.

చెరువు చిన్నది, ఎదురుగాలికి పరుగు తీయడానికి పొడవు చాలదు. పైలట్ ఏమనుకుంటాడంటే, ముందు గాలివాటుకు వేగం పుంజుకుని, ఫ్లోట్లను నీటి పైభాగానికి ఎక్కించి, అదే ఊపులో గుండ్రంగా తిరిగి గాలికి ఎదురై లేచిపోదామని. ఫ్లోట్ అడుగున మధ్యలో ఒక మెట్టులాంటి కోత ఉంటుంది. వేగం పెరిగాక విమానం ఆ మెట్టు మీద నిలబడి జారుతుంది. దీన్ని మేం 'స్టెప్ మీదికి ఎక్కడం' అంటాం. ఆ స్థితిలో వేగం ఎక్కువ, నీటిలో ఉండే భాగం చాలా తక్కువ. ఇప్పుడు ఉత్తరానికి పోతున్నారనుకోండి, గాలి దక్షిణం నుంచి వెనక తడుతోంది. ఎడమకు తిప్పారు. మలుపులో విమానం బరువు బయటి వైపుకు, అంటే కుడికి తూలుతుంది. విమానం పడమరకు తిరిగే సరికి దక్షిణపు గాలి ఎడమ పక్కన కొట్టి, దాన్నీ కుడికే నెడుతుంది. రెండు బలాలూ ఒకే వైపు. కుడి ఫ్లోట్ దిగబడుతుంది, ఎడమ రెక్క లేస్తుంది. తోక మీద గాలి పడి ముక్కు తనంతట తానే గాలి వైపుకు ఇంకా బిగుతుగా తిరగబోతుంది, దాంతో మలుపు ఇరుకై తూలుడు మరింత పెరుగుతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల వ్యవహారం. కుడి రెక్క కొన నీళ్లను తాకిందంటే కథ అయిపోయినట్టే.

దీనికి తిరగేసి చూడండి. ఎదురుగాలి నుంచి గాలివాటుకు తిరిగేటప్పుడు గాలి నెట్టేది లోపలికి, బరువు తూలేది బయటికి. ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. అందుకే ఒకే చెరువులో, ఒకే గాలిలో, ఒక వైపు మలుపు సాఫీగా పోయి రెండోది విమానాన్ని పల్టీ కొట్టిస్తుంది. శిక్షణకు వచ్చేవాళ్లు దీన్ని పుస్తకంలో చదివి తలాడిస్తారు. నీళ్ల మీదికి తీసుకెళ్లి, గాలి తక్కువున్న రోజున, రెండు వైపులా తిప్పి చూపిస్తే అప్పుడు ముఖం రంగు మారుతుంది.

రెండోది పక్కగాలి పరుగు. నది ఇరుకుగా ఉంటే, లేదా ఎదురుగాలి వైపు కొండో, పడవలో, వంతెనో ఉంటే, గాలిని పక్క నుంచి తీసుకుంటూ పరుగు తీయక తప్పదు. అయిలరాన్‌ను గాలి వైపు పూర్తిగా తిప్పి పట్టుకోవాలి, లేకపోతే గాలి వైపు రెక్క లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తిప్పుడు తగ్గిస్తూ రావాలి. సరిగ్గా చేస్తే గాలికి అవతలి వైపు ఫ్లోట్ ముందు నీళ్లు వదులుతుంది, గాలి వైపు ఫ్లోట్ ఒక్కటీ ఇంకొన్ని క్షణాలు నీటి మీద గీత గీస్తూ పోతుంది, తర్వాత అదీ లేస్తుంది. తప్పుగా చేస్తే గాలి వైపు ఫ్లోట్ ముందు లేస్తుంది, అవతలిది దిగబడుతుంది. అది నీళ్లను పట్టుకున్న వైపుకు ముక్కు లాగేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు పరుగును తిన్నగా కాక కొద్దిగా వంపుగా, మొదట గాలి వైపుకు ముక్కు పెట్టి, వేగం పెరిగేకొద్దీ మెల్లగా గాలివాటుకు వంగేలా గీస్తారు. ఆ వంపులో బయటికి తూలే బరువు గాలి నెట్టుడుకు ఎదురు పనిచేస్తుంది. ఇందాక ప్రమాదం తెచ్చిన బలమే ఇక్కడ కాపాడుతుంది. అయితే దీనికి వెడల్పు కావాలి.

మూడోది అలలు. గాలి వీచిన దూరం ఎంత ఎక్కువైతే అల అంత పెద్దది. చిన్న నాలుగు సీట్ల ఫ్లోట్‌ప్లేన్‌కు అడుగున్నర అల ఎక్కువేనని నా లెక్క. అల శిఖరం మీద ఫ్లోట్ తగిలి విమానాన్ని గాల్లోకి విసురుతుంది, ఇంకా ఎగరగలిగే వేగం రాకుండానే. పైలట్ సంతోషించి అలాగే పట్టుకుంటే ముక్కు పైకి, వేగం కిందికి. నీటికి దగ్గరగా ఉన్నప్పుడు రెక్క కింది గాలి ఇచ్చే ఊతంతో కాసేపు తేలి, కాస్త పైకి పోగానే ఆ ఊతం పోయి ఒక రెక్క పడుతుంది. లేదా తిరిగి నీటిని తాకి, ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది. ఈ ఊగుడు ప్రతిసారీ పెద్దదవుతుంది. రెండు మూడు ఊగుళ్లలోనే ముక్కు నీళ్లలోకి పోవచ్చు. ఎలివేటర్‌తో వెంటపడి సరిచేద్దామనుకుంటే మన స్పందన ఒక్క క్షణం ఆలస్యమై ఊగుడుకు ఊతమే ఇస్తుంది. చేయాల్సింది ఒక్కటే: ఎలివేటర్ వెనక్కి లాగి పట్టి, త్రాటిల్ మూసేసి, టేకాఫ్ వదిలేయడం.

ఒక్క మాట, మన నదులకు వర్తించేది. ప్రవాహం ఒక దిక్కు, గాలి దానికి ఎదురు దిక్కు అయితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. గోదావరి మీద పడవ నడిపే ఎవరిని అడిగినా చెప్తారు. సరస్సు మీద అదే గాలికి ఇంత గరుకు ఉండదు.

నీళ్లు వదిలాక గండం గడిచిందనుకోవడం పెద్ద పొరపాటు. నాకు తెలిసిన ఘోరమైన ఉదాహరణ మా తీరానిదే. 2009 నవంబర్ 29న బ్రిటిష్ కొలంబియాలోని సాటర్నా దీవి, లయల్ హార్బర్ నుంచి ఒక బీవర్ వాంకూవర్ వైపు బయల్దేరింది. లోపల పైలట్‌తో కలిపి 8 మంది. ఆ మధ్యాహ్నం గాలి ఉధృతంగా, కుదుపులతో ఉంది. నీళ్లు వదిలి, తక్కువ ఎత్తులో మలుపు తిరుగుతుండగా విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు దాన్ని మోసే శక్తి కోల్పోయి, నీళ్లలో పడింది. పైలట్, ఒక ప్రయాణికురాలు మాత్రమే బయటపడ్డారు. మిగతా ఆరుగురు, అందులో ఒక పసిబిడ్డ, లోపలే మునిగిపోయారు.

కెనడా రవాణా భద్రతా బోర్డు నివేదిక మా దగ్గర కొత్తగా చేరే ప్రతి పైలట్ చేతా చదివిస్తాను. అందులో ఒక్క పెద్ద తప్పు కనిపించదు, నాలుగైదు చిన్నవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కుదుపుల గాలి, మలుపులో వాలు రెండూ కలిసి రెక్కల మీద భారం పెంచాయి. స్టాల్ వస్తోందని హెచ్చరించే పరికరం పనిచేసే స్థితిలో లేదు. సామాను, మనుషుల బరువు హద్దు దాటి వెనక్కి జరిగి ఉంది, అందువల్ల స్టాల్ నుంచి కోలుకోవడం కష్టమైంది. కోలుకోవడానికి ఎత్తూ లేదు. పడ్డాక నాలుగు తలుపుల్లో రెండు బిగుసుకుపోయాయి.

వాలుకీ స్టాల్‌కీ ఉన్న లెక్క చెప్తాను, ఎందుకంటే అంతా ఇందులోనే ఉంది. విమానాన్ని 45 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కలు మోసే భారం సుమారు 1.4 రెట్లవుతుంది, స్టాల్ వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలకు భారం రెండింతలు, స్టాల్ వేగం 41 శాతం ఎక్కువ. గాలి కుదుపు తగిలితే ఆ క్షణానికి ఇంకా పెరుగుతుంది. టేకాఫ్ అయిన వెంటనే చేతిలో ఉండే అదనపు వేగం అంత ఉండదు.

మరి తెలిసిన పైలట్లు కూడా ఎందుకు అంత వాల్చి తిప్పుతారు? రెండు కారణాలు. ఒకటి, కొండ ముందుకొస్తుంది. ఎదురుగాలికి లేవాలి కాబట్టి గాలి వచ్చే వైపుకే పరుగు తీస్తాం, ఆ గాలి కొండ దాటి మన మీదికి దిగుతుంటుంది. అంటే మనం ఎక్కాలనుకునే చోట గాలి కిందికి తోస్తుంటుంది. విమానం ఎక్కడం లేదు, చెట్లు దగ్గర పడుతున్నాయి, మలుపు బిగుతవుతుంది. రెండు, కంటి మోసం. ఎదురుగాలి నుంచి గాలివాటుకు తిరగగానే కింద నీళ్లు వేగంగా వెనక్కి పరుగెత్తుతాయి. విమానం గాల్లో ఎంత వేగంగా పోతోందో అంతే పోతోంది, కానీ కంటికి వేగం పెరిగినట్టు తోస్తుంది. చేయి తెలియకుండానే ముక్కు లేపుతుంది. అందుకే ఎత్తు వచ్చేదాకా వాలు తక్కువ, కళ్లు వేగం చూపే ముల్లు మీద అని నూరిపోస్తాం. అదీ కుదరని చోటు అయితే, ఆ గాలికి ఆ చోటు నుంచి లేవకూడదు.

మధ్యలో శ్రీశైలం సంగతి కూడా చెప్తాను. 2024 నవంబర్ 9న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా సీప్లేన్‌లో వెళ్లారు కదా. అది ట్విన్ ఆటర్, రెండు ఇంజన్లది. నేను పైన చెప్పిన చిన్న విమానాల కంటే చాలా పెద్దది, బలమైనది. ఆ మేరకు గాలిని తట్టుకునే శక్తి ఎక్కువ. కానీ నల్లమల కొండల మధ్య నీళ్లకు గాలి ఒక తీరుగా ఉండదు. లోయలో గాలి కొండ గోడల వెంట వంగి పారుతుంది, రేవు దగ్గర ఒక దిక్కు, మలుపు దాటాక ఇంకో దిక్కు. పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ విశాలంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ చిక్కు తక్కువ. రోజూ సర్వీసులు పెట్టే రోజు వస్తే, శ్రీశైలం వైపు నీళ్ల మీద ఒకటి కాదు, రెండు మూడు చోట్ల గాలి కొలిచే పరికరాలు పెట్టాలని నేను కోరుకుంటాను. ఎక్కడి గాలిలో ఎగరబోతున్నామో అక్కడి గాలే కొలవాలి.

పెద్ద విమానమైతే ఇక భయం లేదనీ కాదు. 2025 జనవరి 7న పశ్చిమ ఆస్ట్రేలియాలోని రాట్‌నెస్ట్ దీవి, థామ్సన్ బే నుంచి 7 మందితో లేస్తున్న సెస్నా కారవాన్ పడిపోయి ముగ్గురు చనిపోయారు. అది టర్బైన్ ఇంజన్ ఉన్న దృఢమైన విమానం. ఆ రోజు గాలి బలంగా ఉంది. నీళ్లు వదిలిన కొద్ది క్షణాలకే ఎడమకు ఒరిగి, ఎడమ రెక్క నీళ్లను కొట్టింది. దాని మీద ఇంతకంటే వ్యాఖ్యానించను. కానీ లేచిన తర్వాతి కొన్ని సెకన్లు ఎంత సున్నితమైనవో దాన్ని చూసినా తెలుస్తుంది.

రెండో ప్రశ్న, పైలట్ ఏం చేయాలన్నది. సగం జవాబు పైన వచ్చేసింది. మిగతా సగం నీళ్లను చదవడం. రేవు మీద జెండా ఎటు ఎగురుతోందో చూసి సరిపెట్టుకునేవాళ్లను చూశాను. రేవు పక్కన చెట్లో షెడ్డో ఉంటే ఆ జెండా అబద్ధం చెప్తుంది. దూరంగా లంగరేసిన పడవలు ఎటు ముఖం పెట్టాయో చూడాలి, ప్రవాహం లేనిచోట అవి గాలికే ఎదురు తిరుగుతాయి. నీటి మీద నురుగు చారలు గాలి దారినే గీస్తాయి. తెల్ల నురుగు తలలు అక్కడక్కడా మొదలయ్యాయంటే గాలి పది నాట్స్ దగ్గరికి వచ్చిందని, ఎటు చూసినా తెల్లగా ఉంటే ఇరవైకి చేరువలో ఉందని లెక్క. అన్నిటికంటే ముఖ్యం నల్లటి మరకలు. నీటి మీద ముదురు రంగు మచ్చ ఒకటి పరుగెత్తుకుంటూ వస్తుంటే అది గాలి దెబ్బ. ఎంత వేగంతో ఏ వైపు నుంచి వస్తోందో కళ్లారా కనిపిస్తుంది. అది మనల్ని దాటిపోయేదాకా పరుగు మొదలుపెట్టకపోవడం ఒక పైలట్ చేయగలిగిన అతి తేలికైన, అతి విలువైన పని.

ఒడ్డు చాటున నీళ్లు నునుపుగా ఉంటాయి, పరుగుకు బాగుంటాయి. కానీ చెట్ల ఎత్తు దాటగానే ఆ చాటు పోయి గాలి ఒక్కసారిగా మీద పడుతుంది. నునుపైన నీళ్ల కోసం ఒడ్డు పక్కన పరుగు తీసేవాళ్లు ఈ రెండో సగం మర్చిపోతారు.

వెనక్కి జారడం కూడా నేర్చుకోవాలి. గట్టి గాలిలో గాలివాటుకు తిరగాలని పెనుగులాడే బదులు, ముక్కును గాలికే ఉంచి, ఇంజన్ తగ్గించో ఆపో, నీటి చుక్కానులు ఎత్తి, రడ్డర్, అయిలరాన్ల వాలుతో విమానాన్ని తెరచాప పడవలా వెనక్కీ పక్కకీ జార్చుకుంటూ కావలసిన చోటికి తీసుకెళ్లొచ్చు. నెమ్మదిగా సాగే పని. కానీ విమానం ఒక్క క్షణం కూడా గాలికి పక్క చూపించదు. కోనసీమలో పడవల మధ్య పెరిగినందుకేమో, నాకు ఈ పని అంటే మొదటి నుంచీ ఇష్టం.

ఇక బయల్దేరకపోవడం. చెప్పడానికి సులువు. రేవు మీద ఆరుగురు సామాన్లతో నిలబడి, అందులో ఒకరికి సాయంత్రం ఫ్లైట్ ఉండి, పక్క కంపెనీ విమానం ఇప్పుడే లేచిపోయి ఉంటే అది ఎంత కష్టమో నాకు తెలుసు. నా దగ్గర నేర్చుకునేవాళ్లతో పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఆ రోజు హద్దు కాగితం మీద రాయిస్తాను: ఈ రేవు నుంచి, ఈ దిక్కు గాలికి, ఇన్ని నాట్స్ దాటితే లేవను. మధ్యాహ్నం ఆ అంకెతో బేరమాడడానికి వీల్లేదు.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. మాల్దీవులు వెళ్లండి. అక్కడ సీప్లేన్లు నడిపేవాళ్లు ఆ పని రోజంతా చేసేవాళ్లు. ట్రాన్స్ మాల్దీవియన్ ప్రపంచంలోనే అతి పెద్ద సీప్లేన్ సంస్థ, వాళ్లవీ ట్విన్ ఆటర్లే. భయపడొద్దు, కానీ కొన్ని సంగతులు తెలుసుకుని ఎక్కండి.

నీళ్లలో కూలిన విమానాల్లో చాలామంది దెబ్బకు చనిపోరు. సాటర్నా నివేదికలో కెనడా బోర్డు అంతకు ముందు ఇరవై ఏళ్ల లెక్క చెప్పింది: నీళ్లలో కూలి అక్కడే ఆగిన విమానాల్లో మృతుల్లో సుమారు 70 శాతం మునిగి చనిపోయినవాళ్లే. అందుకే తేలిగ్గా ఊడదీయగల తలుపులు ఉండాలనీ, లైఫ్ జాకెట్ సీటు కింద కాకుండా ఒంటి మీదే ఉండాలనీ బోర్డు సిఫారసు చేసింది. 2019లో కెనడా ప్రభుత్వం వాణిజ్య సీప్లేన్లలో జాకెట్ ధరించడాన్ని, పైలట్లకు నీటి అడుగు నుంచి బయటపడే శిక్షణను తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చింది. మునుపు సీటు కిందే మడిచి ఉండేవి. తలకిందులైన విమానంలో, చీకటి నీళ్లలో, సీటు కింద వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

ఆ శిక్షణలో నేర్పేది మీకూ పనికొస్తుంది. కూర్చోగానే తలుపు ఎటుందో చూసి, దాని పిడి ఎటు తిరుగుతుందో చూసి, మీ మోకాలి నుంచి అక్కడికి చేయి చాచితే మధ్యలో ఏమేం తగులుతాయో ఒకసారి తడిమి చూసుకోండి. విమానం తలకిందులైతే కళ్లు మోసం చేస్తాయి, చేతికి తెలిసిన దారే మిగులుతుంది. ఒక చేత్తో తలుపు చట్రాన్నో కిటికీ అంచునో గట్టిగా పట్టుకున్నాకే రెండో చేత్తో బెల్టు విప్పాలి. ముందే విప్పితే ఒళ్లు తేలిపోయి, తలుపు తోయడానికి పట్టు దొరకదు. విమానం లోపల ఉండగా జాకెట్‌లో గాలి అసలు నింపొద్దు, అది పైకప్పుకు అతుక్కునేలా చేస్తుంది. బయటికి వచ్చాకే తాడు లాగాలి. అమ్మగారు చీరలో ఉంటే ఆ ఒక్క ప్రయాణానికి చుడీదార్ వేసుకోమనండి. నడుముకు కట్టే జాకెట్ సంచి చీర కుచ్చిళ్ల మీద సరిగా నిలవదు, కొంగు సీటు కడ్డీలకు చిక్కుకుంటుంది.

సామాను తూచేటప్పుడు చేతి సంచిలో బరువు దాచొద్దు, మనుషుల బరువు అడిగితే నిజం చెప్పండి. ఆ అంకెలతోనే ఎవరు ముందు, ఎవరు వెనక అని కూర్చోబెడతారు. సీటు మార్చమంటే మారండి.

తిరుగు ప్రయాణంలో రిసార్ట్ నుంచి మాలే చేరాక హైదరాబాద్ విమానానికి మధ్య సమయం ఎక్కువ పెట్టుకోండి, వీలైతే ఒక రాత్రి. అక్కడ సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మధ్యాహ్నం గాలి ముదిరి రెండు గంటలు ఆపితే, ఆ రోజుకు ఇక లేనట్టే కావచ్చు. అలా ఆపినప్పుడు కౌంటర్ దగ్గర గొడవ పడేవాళ్లలో మీరు ఉండకుండా టికెట్లు చేసుకోండి.